బెత్తము, శిక్ష, చట్టము

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన తల్లిదండ్రుల కూడికలో సండే స్కూలు ఉపాధ్యాయుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూడికలో మాట్లాడుటకు మాకిచ్చిన అంశము "క్రైస్తవ గృహములో పిల్లల క్రమశిక్షణ". ఈ అంశము మీద ఎవరు లేచి నిలువబడినను ఏమి చెప్పుదురో మీకు ముందే తెలుసు. సామెతల గ్రంథములోని బెత్తము వచ్చును, ఏలీ కుమారులు వచ్చెదరు, నేటి పిల్లలకు భయభక్తులు లేవను మాటతో ప్రసంగము ముగియును. మేము కూడ అట్లే ఒక పదిహేను నిమిషములు మాట్లాడి కూర్చుండవచ్చును. కాని కొన్ని సంవత్సరముల క్రితము మా సండే స్కూలులో జరిగిన ఒక సంగతి మమ్మును అట్లు మాట్లాడనీయకున్నది. ముందుగా అది చెప్పెదము.

ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె మా తరగతిలో ఉండేది. చురుకైనది. వాక్యములు అందరికంటె ముందు కంఠస్థము చేసేది. ఒక ఆదివారము కానుక సంచిలో నుండి కొన్ని రూపాయి బిళ్లలు తీసి పావడా కుచ్చెళ్లలో ముడి వేసుకొనుట మాలో ఒకరు చూశారు. పిల్లను ఏమీ అనలేదు. ఆరాధన ముగిసిన తరువాత గేటు దగ్గర తండ్రిగారు కనబడితే, నవ్వుతూనే సంగతి చెప్పి, "కాస్త కనిపెట్టి చూడండి" అన్నాము. మా బాధ్యత నెరవేర్చితిమని తృప్తిగా ఇంటికి వెళ్లాము.

మరుసటి ఆదివారము అభినయ గీతము పాడించుచుండగా పిల్లలు గంతులు వేస్తున్నారు. ఆ పిల్ల పావడా లేచినప్పుడెల్ల పిక్కల మీద చింతబరికె వాతలు కనబడుచున్నవి. అప్పటికి వారము గడిచినను కందిన మచ్చలు పోలేదు. ఆమె ఏడ్చుట లేదు, అందరితో పాటు పాడుచున్నది. దగ్గరకు వెళ్లి తల నిమరబోతే మాత్రము చటుక్కున మోచేయి అడ్డము పెట్టుకున్నది.

ఆ సాయంత్రము ఇద్దరము ముగ్గురము కలిసి వారి ఇంటికి వెళ్లాము. తండ్రిగారు చెడ్డవారు కారు. త్రాగుడు లేదు, కుటుంబ ప్రార్థన తప్పనివారు. మమ్మును కుర్చీలలో కూర్చుండబెట్టి, సంగతి ఎత్తగానే ఆశ్చర్యపడి, "మీరే కదండీ చెప్పారు? దేవుని సొమ్ము ముట్టింది. ఊరుకుంటే రేపు దేవుడు నన్ను అడగడా?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. కాఫీ తెచ్చిన తల్లి మాత్రము గ్లాసులు అందించుచు, మెల్లగా, ఎవరితోనో అన్నట్లు, "ఆ రోజు ఆయనకి డ్యూటీలో మాటొచ్చిందండీ. లేకపోతే రెండు దెబ్బలతో పోయేది" అన్నది.

ఆ రెండు మాటలు మమ్మును వదలలేదు. "మీరే కదండీ చెప్పారు" అన్నది ఒకటి. రెండవది ఆ తల్లి మాట. ఆ పిల్లకు పడిన దెబ్బల లెక్క ఆమె తీసిన బిళ్లలను బట్టి కాక, తండ్రి పై అధికారి ఆ రోజు ఎట్లు మాట్లాడెనో దానిని బట్టి తేలినది.

మేమెవ్వరము దెబ్బలు తినకుండ పెరిగినవారము కాము. మా పెద్దలు వీధి బడులలో కోదండము వేయించుకున్నవారు. దూలమునకు కట్టిన త్రాడు పట్టుకొని వ్రేలాడవలెను, చేతులు జారితే క్రింద బెత్తము సిద్ధము. మా కాలమునకు కోదండము పోయి గోడకుర్చీ, గుంజీలు, తొడపాశము మిగిలినవి. బోర్డింగులో ఉదయ ప్రార్థనకు ఆలస్యమైతే అరచేతుల మీద చెరి రెండు. "అట్లు తిన్నాము గనుకనే ఇట్లు బాగుపడినాము" అని మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ రోజులలోనే మనము చెరువు నీళ్లు గుడ్డలో వడకట్టుకొని త్రాగి బ్రతికినాము కూడ. అందుచేత ఇప్పుడు మన పిల్లలకు చెరువు నీళ్లు పోయుట లేదు గదా.

ఇక వాక్యమునకు వచ్చెదము. సామెతలు 13:24లో మన తెలుగు బైబిలు "బెత్తము" అని తర్జుమా చేసిన హెబ్రీ మాట షేబెట్. ఇదే మాట ఇరువది మూడవ కీర్తనలోను ఉన్నది. అక్కడ దానిని "దుడ్డుకఱ్ఱ" అన్నారు. గొర్రెను ఆదరించు కర్రయు, కుమారుని శిక్షించు కర్రయు హెబ్రీ భాషలో ఒక్కటే. తెలుగులో మాత్రము ఒకటి కాపరి చేతిలోనికి, ఒకటి పంతులుగారి చేతిలోనికి పోయినది. బెత్తము అనగానే మనకు కాపరి గుర్తుకు రాడు, బడి గుర్తుకు వచ్చును.

అయితే దీనిని పట్టుకొని, సామెతల గ్రంథకర్త కొట్టుటను గూర్చి అసలు చెప్పనేలేదని కొందరు వ్రాయుచున్నారు. అది నిజాయితీ కాదని మా అభిప్రాయము. 23వ అధ్యాయము 13, 14 వచనములు చదివినవారికి అక్కడ కొట్టుట అను క్రియయే కనబడును. ఆ కాలపు తండ్రులు కొట్టేవారు, గ్రంథము దానిని ఎరుగును. కాని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము కూడ చదువవలెను. తిరుగబడిన కుమారుని గూర్చిన ఆ కఠినమైన ధర్మములో సహితము తండ్రి తనంతట తాను తీర్పు తీర్చుటకు వీలులేదు. తల్లియు తండ్రియు ఇద్దరును కలిసి ఊరి గవిని యొద్దనున్న పెద్దల ముందుకు రావలెను. బిడ్డ తండ్రి సొత్తు కాదని, తండ్రి చేతికి పైన ఇంకొక అధికారము ఉన్నదని ఆనాడే వ్రాయబడినది. పిల్లల విషయములో చట్టము జోక్యము చేసికొనుట పాశ్చాత్యుల క్రొత్త పోకడ అనుకొనువారు ఈ అధ్యాయము మరచుచున్నారు.

ఏలీ సంగతి కూడ అట్టిదే. ఆయన కుమారులను చిన్నప్పుడు కొట్టలేదు గనుక వారు చెడిరని మనము బోధించుచున్నాము. మొదటి సమూయేలు గ్రంథములో ఆ మాట ఎక్కడను లేదు. వారు పెరిగి పెద్దవారై యాజకులుగా ఉండి బలిమాంసము దోచుకొనుచుండగా, ఆయన నోటితో మందలించి ఊరకుండెను. పదవిలో నుండి తొలగించలేదు. అది బరికె లేని తండ్రి కథ కాదు. తన వారు తప్పు చేసినను పదవి తీయలేని సంఘపు పెద్ద కథ. ఎందుకో దానిని ఆ విధముగా బోధించుట మన సంఘములలో తక్కువ.

పౌలు ఎఫెసీయులకు వ్రాసినప్పుడు రోమా చట్టము తండ్రికి బిడ్డల ప్రాణము మీద సహితము హక్కు ఇచ్చియుండెను. అట్టి లోకములో ఆయన తండ్రులనుద్దేశించి, పిల్లలకు కోపము పుట్టించవద్దని హెచ్చరించెను. కొలొస్సయులకు వ్రాసినప్పుడు దానికి కారణము కూడ చెప్పెను, పిల్లల మనస్సు క్రుంగిపోవునని. ఎఫెసీ పత్రిక 6:4లో పిల్లలను దేనిలో పెంచవలెనో చెప్పుచు ఆయన వాడిన గ్రీకు మాట పైదేయా. అనగా బిడ్డను తీర్చిదిద్దుట, చదువు చెప్పించుట, నడత నేర్పుట అంతయు. మన తర్జుమాదారులు దానిని "శిక్ష" అన్నారు. వారి తప్పు ఏమియు లేదు. సంస్కృతములో శిక్ష అనగా నేర్పుటయే. వేదాంగములలో శిక్ష అనునది ఉచ్చారణ నేర్పు శాస్త్రము. హిందీవారికి నేటికిని ఆ మాట చదువు అనియే అర్థము. తెలుగువారి చెవికి మాత్రము శిక్ష అనగా జైలు, జుల్మానా, బరికె. శిక్షణ అని పక్కన ఒక "ణ" పెట్టుకుంటే గాని మనకు నేర్పుట అని స్ఫురించదు. ఆ తండ్రిగారు శిక్షలో పెంచవలెనను ఆజ్ఞకు తాను లోబడుచున్నాననియే నమ్మినారు.

మెథడిస్టు సంప్రదాయము నుండి వచ్చిన కుటుంబములు మనలో ఉన్నవి గనుక జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీని గూర్చి ఒక మాట. ఆమె 1732లో కుమారునికి వ్రాసిన ఉత్తరములో తాను పిల్లలను పెంచిన విధము వివరముగా వ్రాసెను. ఏడాది నిండగానే, కొందరికి అంతకు మునుపే, బెత్తమునకు భయపడి మెల్లగా ఏడ్చుట నేర్పితినని అందులో ఉన్నది. అది చదివితే మాకు ఒళ్లు జలదరించినది. కాని అదే ఉత్తరములో ఇంకను రెండు నియమములున్నవి. తప్పు చేసిన బిడ్డ తానై ఒప్పుకుంటే కొట్టకూడదు. ఒకసారి దండించిన తప్పును మరల ఎత్తకూడదు. కొడతారను భయము వలన పిల్లలు అబద్ధమునకు అలవాటు పడుదురని ఆమె గమనించెను. బెత్తమును నమ్మిన తల్లియే బెత్తము వలన అబద్ధము పుట్టునని కనుగొన్నది.

చట్టము సంగతి చాలమంది అడుగుచున్నారు, "మా పిల్లలను మేము కొట్టుకుంటే పోలీసులు వస్తారా?" అని. తెలిసినంతవరకు సూటిగా చెప్పెదము.

మన దేశములో తల్లిదండ్రులు బిడ్డపై చేయి చేసికొనరాదని స్పష్టముగా నిషేధించిన చట్టము లేదు. కొట్టవచ్చునని స్పష్టముగా చెప్పిన చట్టము కూడ లేదు. ఉన్నదేమనగా, 1860 నాటి భారత శిక్షా స్మృతిలో 89వ సెక్షను. పన్నెండేండ్ల లోపు బిడ్డ మేలు కొరకు, సద్బుద్ధితో, సంరక్షకుడు గాని అతని సమ్మతితో వేరొకరు గాని చేసిన పని నేరము కాదని దాని సారాంశము. అందులో కొట్టుట అను మాటయే లేదు. కోర్టులు తల్లిదండ్రుల మందలింపును దాని నీడలో ఉంచుచు వచ్చినవి. తీవ్రమైన గాయమునకు ఆ నీడ వర్తించదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇదే నియమము 27వ సెక్షనుగా కొనసాగుచున్నది.

1860 అనగానే ఇంకొక సంగతి చెప్పవలసి యున్నది. సరిగ్గా ఆ సంవత్సరమే ఇంగ్లాండులో ఈస్ట్‌బోర్న్ అను ఊరిలో థామస్ హాప్లీ అను బడిపంతులు, మొండివాడనుకున్న ఒక పదిహేనేండ్ల విద్యార్థిని రాత్రివేళ కర్రతోను త్రాడుతోను కొట్టి చంపినాడు. కొట్టుటకు ఆ బాలుని తండ్రి ముందుగా ఉత్తరము ద్వారా అనుమతి ఇచ్చియుండెను. ఆ కేసులో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్, తండ్రి గాని గురువు గాని మితముగాను సహేతుకముగాను దండించవచ్చునని, కోపము తీర్చుకొనుటకైనను, మితి మీరినను అది నేరమని చెప్పిరి. హాప్లీకి నాలుగేండ్ల కఠిన శిక్ష పడినది. తరువాత ఒక శతాబ్దమునకు పైగా ఆంగ్ల న్యాయము వెళ్లిన అనేక దేశములలో ఈ "మితము" అను మాటయే కొలబద్ద అయినది. ఒక బాలుని శవము ముందు స్థిరపడిన మాట అది.

ఇప్పుడు 2015 నాటి బాల న్యాయ చట్టము 75వ సెక్షను చూడండి. బిడ్డ తన సంరక్షణలో ఉన్న ఏ వ్యక్తియైనను ఆ బిడ్డకు శారీరకముగా గాని మానసికముగా గాని అనవసరమైన బాధ కలుగునట్లు కొట్టినను, హింసించినను, మూడేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జుల్మానా, లేదా రెండును. ఇక్కడ బిడ్డ అనగా పదునెనిమిదేండ్ల లోపువారు. "అనవసరమైన" అను మాటలో చట్టము కూడ కొంత తడబడినది, అవసరమైన బాధ ఎంతో ఎవరు కొలుతురు? అయినను రెండు చట్టములను కలిపి చదివితే న్యాయాధిపతి అడుగునది ఒక్కటే. అది బిడ్డ మేలుకా, నీ కోపమునకా? ఆ ఇంటిలో ఆ తల్లి గ్లాసులు అందించుచు చెప్పినది ఈ ప్రశ్నకు జవాబే.

బడుల విషయములో సందేహమునకు తావు లేదు. 2000లో ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాలల నియమములలోని దేహదండనను కొట్టివేసినది. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉత్తర్వు ద్వారా బడులలో దానిని నిషేధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను దేహదండనతో పాటు మానసిక వేధింపును కూడ నిషేధించినది. 2014లో సుప్రీం కోర్టు ప్రమతి కేసులో విద్యాహక్కు చట్టము అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తించదని చెప్పినప్పుడు, మనవారిలో కొందరు, అయితే మన బడులకు ఈ బాధ లేదని సంతోషించుట మేము విన్నాము. ఆ సంతోషము మాకు అర్థము కాలేదు. బాల న్యాయ చట్టము మనకును వర్తించును. అనాథ పిల్లలను ఉంచుకొను సంస్థలలో కొట్టిన ఉద్యోగికి 82వ సెక్షను క్రింద జుల్మానా, రెండవసారి అయితే జైలు కూడ పడవచ్చును. మన సంఘము వసతి గృహములు నడుపుచున్నది గనుక వార్డెనులకు ఈ సెక్షనులు చదివి వినిపించుట మంచిది.

మనలో అనేకుల కుమారులు, కుమార్తెలు పరదేశములలో ఉన్నారు. కాన్పులకు వెళ్లే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ భాగము శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. తల్లిదండ్రులు కొట్టుటను పూర్తిగా నిషేధించిన మొదటి దేశము స్వీడన్, 1979లో. నేడు అట్టి దేశములు అరవైకి పైగా ఉన్నవి. మన ప్రక్కనున్న నేపాల్ 2018లో చేరినది. స్కాట్లాండులో 2020 నుండి, వేల్సులో 2022 నుండి పాత "సహేతుక దండన" అను సాకు చెల్లదు. అమెరికాలో తల్లిదండ్రులు మితముగా కొట్టుట నేరము కాదు గాని, వాత కనబడితే ఉపాధ్యాయురాలు ప్రభుత్వమునకు తెలుపక తప్పదు. నార్వేలో నిషేధము 1987 నుండి ఉన్నది. 2012 డిసెంబరులో ఓస్లోలోని న్యాయస్థానము తమ బిడ్డను హింసించిరని ఒక తెలుగు దంపతులకు జైలు శిక్ష విధించినప్పుడు మన పత్రికలలో పెద్ద చర్చ జరిగినది. ఆ దేశము మన పద్ధతులను అర్థము చేసికొనలేదని చాలమంది అన్నారు. ఆ బిడ్డ ఏమి అర్థము చేసికొనెనో అడిగినవారు తక్కువ.

స్వీడన్ చట్టమును ఎదిరించినవారు కూడ మనవంటి విశ్వాసులే. ఒక స్వతంత్ర ప్రొటెస్టంటు సంఘమునకు చెందిన ఏడుగురు తల్లిదండ్రులు, వాక్యానుసారముగా పిల్లలను దండించుట తమ మత స్వాతంత్ర్యములో భాగమని యూరోపియను మానవ హక్కుల కమిషను ముందు ఫిర్యాదు చేశారు. 1982లో ఆ ఫిర్యాదు త్రోసివేయబడినది. ఆ నిషేధమునకు ప్రత్యేకముగా శిక్ష అంటూ ఏదియు లేదు. ఎవరినో జైలులో వేయుటకంటె, తల్లిదండ్రులందరికి తెలియజేయుటయే ప్రభుత్వము ముఖ్యముగా ఎంచినది. పాల డబ్బాల మీద సహితము ఆ సంగతి అచ్చు వేయించి ప్రతి ఇంటి భోజనపు బల్ల మీదికి పంపినారు.

ఆ చట్టమునకు ముందు సంవత్సరము, 1978లో, ఆ దేశపు బాలసాహిత్య రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ జర్మనీలో శాంతి బహుమానము అందుకొనుచు ఒక వృద్ధురాలు తనకు చెప్పిన సంగతి చెప్పినది. ఆ అమ్మగారు తన చిన్నతనపు కాపురములో, కొట్టుట ఇష్టము లేకపోయినను, అందరు చెప్పుచున్నారని ఒకనాడు తన చిన్న కుమారుని పిలిచి, నిన్ను కొట్టుటకు నీవే పోయి ఒక బరికె తెమ్మన్నది. వాడు చాలసేపటికి ఏడ్చుచు వచ్చినాడు. బరికె దొరకలేదని, దాని బదులు ఒక రాయి తెచ్చినానని, దానితో తనను కొట్టవచ్చునని తల్లి చేతికి అందించినాడు. అమ్మ నాకు నొప్పి కలిగించవలెననుకొన్నది, అందుకు రాయి అయితేనేమి అని వాని లెక్క. ఆ తల్లి వానిని ఒడిలోనికి తీసికొని తానును ఏడ్చినది. ఆ రాయిని వంటింటి అరలో ఉంచుకొన్నది.

మా సంగతికి తిరిగి వచ్చెదము. ఆ పిల్ల వాతలు చూచిన రోజున మేము 1098కి ఫోను చేయలేదు. బిడ్డ ప్రమాదములో ఉన్నదని తోచిన ఎవరైనను ఆ నంబరునకు చెప్పవచ్చును. తరువాత వారము క్రొత్త వాతలు కనబడియుంటే చేసియుండేవారమని ఇప్పుడు అనుకొనుచున్నాము. నిశ్చయముగా చెప్పలేము. సంఘములో అందరు అందరికి చుట్టములైనచోట ఫోను ఎత్తుట తేలిక కాదు. ఆ తండ్రిగారితో మాత్రము మరి రెండుసార్లు కూర్చుండి మాట్లాడాము. ఆయన కోపగించుకొనలేదు. "మరి ఎట్లా చెప్పమంటారు?" అని అడిగారు. ఇది న్యాయమైన ప్రశ్న. ఆ రాత్రి ఊరకుండి, మరునాడు ఆ బిళ్లలు పిల్ల చేతనే తెప్పించి, తండ్రి ప్రక్కన నిలువబడగా సంచిలో వేయించియుంటే చాలునని మాకు తోచినది. ఆయన ఒప్పుకున్నారో లేదో తెలియదు గాని, ఆలోచించెదనన్నారు.

మేము ఆ పిల్లకు క్షమాపణ చెప్పాము. చిన్నపిల్లకు పెద్దలు క్షమాపణ చెప్పుట ఆమెకు వింతగా ఉన్నది, మాకును వింతగానే ఉన్నది. ఆమె అంతయు విని అడిగినది ఒక్కటే, "ఇంక నాన్నకి చెప్పరుగా, టీచర్?" అని. చెప్పమని మాట ఇచ్చాము.

ఆ మాట ఆ ఒక్క పిల్లతో ఆగలేదు. ఆనాటి నుండి తల్లిదండ్రులకు ఏ సంగతియైనను చెప్పుటకు మేము జంకుచున్నాము. ఒక అబ్బాయి సండే స్కూలుకని బయలుదేరి ఎక్కడికి పోవుచున్నాడో మాకు తెలుసు. ఇంకొక అమ్మాయి నెల రోజులుగా ఎందుకు మాట్లాడుట మానినదో కొంత తెలుసు. చెప్పితే ఏమగునో అను భయముతో దాచినాము, దాచుట తప్పని తెలిసియే. ఈ కూడిక ముగిసిన తరువాత టీ ఇచ్చుచోట మేము ఉండెదము. మీలో ఎవరైనను వచ్చి, "మా బిడ్డ సంగతి చెప్పండి, చేయి చేసికొనము" అంటే, చెప్పవలసినవి మా యొద్ద ఉన్నవి.